రాతినార: నిప్పుకు చెడనిది, గాలికి నిలవనిది

గత వేసవిలో, విశాఖపట్నం శివారున ఉన్న మా పిన్నిగారి పాత ఇంటిని పడగొట్టి శ్లాబు ఇల్లు కట్టాలని నిశ్చయించారు. ముహూర్తం పెట్టుకున్నాక మేస్త్రీ ముందుగా పెరట్లో కుళాయి చుట్టూ తవ్వించాడు. నాలుగు పలుగు పోట్లకే మట్టితో బాటు బూడిదరంగు పెంకులు బయటపడ్డాయి. మేస్త్రీ వాటిని కాలితో పక్కకు నెట్టి, "పాత రేకుముక్కలండీ, పునాదిలో పూడ్చడానికి పనికొస్తాయి" అన్నాడు. అవి అక్కడికెలా వచ్చాయో అతనికి తెలియదు, నాకు తెలుసు. 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుఫాను వెలిసిన మూడోనాడు, వాటిని సుత్తితో నలగగొట్టి ఆ గుంటలో పోసినవాణ్ణి నేనే.

ఆ పెంకుల కథ చాలా పాతది. అగ్ని, వరద, గాలివాన తాకిన ఇంటిలో ఆ పదార్థం వల్ల ఎంత ప్రమాదమున్నదో లెక్కకట్టే విద్య మాత్రం కొత్తది. నేను మొదటి దానిని ఇష్టంగా చదువుకున్నాను. రెండవ దానిని తప్పు చేశాక నేర్చుకున్నాను.

ఆస్బెస్టాస్‌కు మన భాషలో 'రాతినార' అన్న చక్కని మాట ఉంది. రాయే, కాని నార తీయవచ్చు, పేనవచ్చు, నేయవచ్చు. గ్రీకులో 'ఆస్బెస్టోస్' అంటే ఆరనిది. అదే భాషలో దీనికి మరో పేరు 'అమియాంటోస్', అంటే మలినం కానిది. చీనాలో ఈ బట్టను 'నిప్పుతో ఉతికే వస్త్రం' అన్నారు. దేవీమాహాత్మ్యంలో దూత శుంభుని సంపదను వర్ణిస్తూ, అగ్నిదేవుడు ఇచ్చిన రెండు 'అగ్నిశౌచ' వస్త్రాలను పేర్కొంటాడు. అది రాతినార బట్టే అనడానికి సాక్ష్యం చూపలేను కాని, నిప్పులో వేస్తే శుభ్రపడే బట్ట అనే ఊహ ఇన్ని నాగరికతలలో ఒకే తీరున కనిపించడం ముచ్చట గొలుపుతుంది. రోమన్ రచయిత ప్లీనీ, విందులో మురికిపడిన చేతిరుమాళ్ళను మంటలో వేసి తీస్తే నీటిలో ఉతికినదానికంటే తెల్లబడడం తాను చూశానని రాశాడు. నిప్పులో బ్రతికే జంతువు బొచ్చుతో ఆ బట్ట నేస్తారన్న ఐరోపా నమ్మకాన్ని మార్కో పోలో కొట్టివేసి, అది కొండలో తవ్వి తీసే ఖనిజమని స్పష్టంగా చెప్పాడు.

వేల ఏళ్ళపాటు వింతవస్తువుగా ఉన్న ఈ నారను ప్రతి ఇంటి నెత్తికీ ఎక్కించినవాడు లుడ్విగ్ హాట్షెక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు. కాగితం చేసే యంత్రం వంటి దానిమీద సిమెంటునూ రాతినారనూ నీళ్ళలో కలిపి పలుచని పలకలుగా తీసే పద్ధతికి 1900 ప్రాంతంలో అతడు హక్కులు సంపాదించాడు. నార పదోవంతు ఉంటే చాలు, మిగిలినదంతా సిమెంటే. దానికతడు 'ఎటర్నిట్' అని పేరు పెట్టాడు. శాశ్వతమని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి చేసిన పేరు అది. ఒక పేరు ఆరనిది, ఒక పేరు మలినం కానిది, ఒక పేరు శాశ్వతం!

సిమెంటు రేకుల తయారీ మన దేశంలో 1934లో మొదలైంది. 1946లో హైదరాబాదు ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ స్థాపితమైంది. ఆ సంస్థ 'చార్మినార్' రేకులు తెలియని తెలుగు ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. నార చాలావరకు విదేశాల నుంచి వచ్చేది. కొంత మన కడప జిల్లాలోనే దొరికేది. పులివెందుల ప్రాంతంలో, బ్రహ్మణపల్లె వైపు, సున్నపురాళ్ళ పొరల మధ్య మేలురకం తెల్ల రాతినార ఉంది. 1986లో కేంద్రప్రభుత్వం దీని గనులకు కొత్త లీజులివ్వడం ఆపింది. 1993లో పాత లీజుల పొడిగింపునూ ఆపింది. తవ్వడం ఆగింది కాని దిగుమతి ఆగలేదు, రేకుల తయారీ ఆగలేదు.

ఈ రేకును మన జనం ఎందుకు అంతగా ఆదరించారో మరచిపోకూడదు. తాటాకు కప్పు ఇంట్లో పుట్టినవారికి ఎండాకాలమంటే నిప్పుభయం, కార్తీకమంటే గాలిభయం. ఒక పొయ్యిలోని నిప్పురవ్వ పేటనంతా బూడిద చేసేది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలకు పైగా జనం పోయారు. ఆకు ఇంటి బలం ఎంతో ఆ రాత్రి కృష్ణాతీరం చూసింది. అంటుకోని కప్పు, ఎగిరిపోని కప్పు, బీదవాడికి అందే ధరలో ఉన్న కప్పు కావాలి. రేకు ఆ మూడూ వాగ్దానం చేసింది. మా బాబాయి తాటాకు తీయించి రేకులు వేయించిన రోజు పిన్ని పరమాన్నం వండింది. ఆ రేకును తిట్టడానికి నాకు ఈనాటికీ నోరు రాదు.

అగ్నికీ గాలికీ వెరచి మనం నెత్తిన పెట్టుకున్న వస్తువు, ఆ రెండూ రానంతవరకే నిరపాయకరం కావడమే ఇందులోని విషాదం.

రాతినార వల్ల కలిగే జబ్బు సంగతి ఇంగ్లండులో 1924 నాటికే వైద్యపత్రికకు ఎక్కింది. రోచ్‌డేల్‌లో నార వడికే కర్మాగారంలో పనిచేసిన నెల్లీ కెర్షా ఊపిరితిత్తులు గట్టిపడి మరణించింది. డాక్టర్ విలియం కుక్ ఆ విషయం ప్రకటించాడు. 1930లో మెర్‌వెదర్, ప్రైస్ అనే ఇద్దరు ప్రభుత్వాధికారుల నివేదిక వచ్చింది. మరుసటి ఏడు నిబంధనలు వచ్చాయి. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరూ అతని సహచరులూ 33 మంది మీసోథీలియోమా రోగులను గురించి రాశారు. అది ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే కాన్సరు. ఆ రోగులలో గనిలో ఏనాడూ పనిచేయనివారు ఉన్నారు. గనుల దగ్గర నివసించినవారు, పిల్లలుగా అక్కడ ఆడుకున్నవారు వాళ్ళు. నార లోపలికి పోయినప్పటి నుంచి జబ్బు బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ళు పడుతుంది. కంటికి కనిపించదు, దగ్గు రాదు, వాసన లేదు. కనుక తప్పు చేసినవాడికి ఆ రోజున ఏమీ తెలియదు.

బ్రిటన్ 1999లో, ఐరోపా సమాజం 2005 నుంచి అన్ని దేశాలలోనూ, జపాను 2006లో దీనిని నిషేధించాయి. అమెరికా తెల్లనార మీద నిషేధ నిబంధన ప్రకటించింది 2024లో. మన సుప్రీంకోర్టు 1995 తీర్పులో కార్మికుల ఆరోగ్య వివరాలను 40 ఏళ్ళపాటు భద్రపరచాలని ఆదేశించింది. నిషేధం కోరిన మరో వ్యాజ్యాన్ని 2011లో తోసిపుచ్చింది. ఫ్రాన్సు తన పాత యుద్ధనౌక క్లెమెన్సోను ముక్కలు చేయించడానికి గుజరాత్ తీరానికి పంపితే, అందులోని రాతినార మీద పెద్ద గొడవ జరిగి, 2006లో ఓడ దారిలోనే వెనుదిరిగింది. ఆ వార్తలను నేను మా పిన్ని ఇంటి వసారాలో, రేకు కింద కూర్చునే చదివి, 'శభాష్' అనుకున్నాను.

ఇక ఆపదల సంగతి. రేకు చెక్కుచెదరక ఉన్నప్పుడు నార సిమెంటులో బందీ. అగ్ని ఆ చెరను విచిత్రంగా బద్దలు చేస్తుంది. ఊళ్ళో ఏ పాకో తగలబడి మంట పక్క ఇంటి రేకులను తాకినప్పుడు, టపాకాయల్లా టపటపా పేలడం మీలో చాలామంది వినే ఉంటారు. సిమెంటులో ఇమిడి ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారిలేక పలకను బద్దలు చేసే చప్పుడది. తెల్లనార సుమారు 600 డిగ్రీలు దాటాక తనలోని నీటిని కోల్పోయి, క్రమంగా నార గుణమే లేని మరో ఖనిజంగా మారుతుంది. అంటే ఆరనిది అని పేరు పెట్టుకున్నది కూడా తగినంత మంటలో నశిస్తుందన్నమాట. ఇది విని నిశ్చింత పడరాదు. పేలి దూరంగా ఎగిరిన ముక్కలు ఆ వేడి తగలకుండా తప్పించుకున్న ముక్కలు. అందుకే కాలిన ఇంటిని పరీక్షించేవారు బూడిదకుప్పతో ఆపరు, ఆనాడు గాలి ఎటు వీచిందో అడిగి, ఆ దిక్కున వీధులూ డాబాలూ వెతుకుతారు. 2023 నవంబరులో కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో రెండో ప్రపంచయుద్ధ కాలపు పెద్ద చెక్క విమానశాల ఒకటి తగలబడినప్పుడు, రాతినార ఉన్న శకలాలు చుట్టుపక్కల ఇళ్ళ మీద, ఉద్యానాలలో రాలాయి. బడులు మూసి, ముక్కలు ఏరించి, ఆ తరువాతే తెరిచారు.

వరద మరో రకం. నీటికి నార కరగదు, అయితే తడిసినంతసేపు ఎగరదు. నాని పొడిపొడి అయ్యే లోపలి పలకలు, గొట్టాల చుట్టూ వేసిన పూతలు వరదలో విడిపోయి బురదలో కలుస్తాయి. బురద ఎండి, చీపురు పడిన రోజున ప్రమాదం మొదలవుతుంది. ఎండకముందే తీసివేయడమే వరద ఇంటిలో మొదటి సూత్రం.

గాలివాన రేకును పెద్ద ముక్కలుగా విరుస్తుంది. పాత రేకైతే ఏళ్ళ వానకు పైపూత అరిగి, నార అప్పటికే బయటపడి ఉంటుంది. చూరు కింద మట్టిలో, వాననీటి గొట్టాల ఒండులో అది పేరుకుని ఉంటుంది. విరిగిన అంచుల దగ్గర తెల్లని నూగులా కనిపించేది అదే.

నష్టపోయిన కట్టడాలలో రాతినారను అంచనా కట్టడంలో చరిత్రకెక్కిన పొరబాటు మాత్రం న్యూయార్కులో జరిగింది. ప్రపంచ వాణిజ్యకేంద్రపు ఉత్తర సౌధంలో దాదాపు 40వ అంతస్తు దాకా ఉక్కు దూలాలకు అగ్నిరక్షణగా రాతినార కలిసిన పూత చల్లారు. అపాయం గ్రహించి ఆపైన మానేశారు. 2001 సెప్టెంబరు 11న ఆ పూత కూడా ధూళిలో కలిసింది. వారానికే, సెప్టెంబరు 18న, అమెరికా పర్యావరణ సంస్థ అధినేత్రి క్రిస్టీన్ టాడ్ విట్మన్ అక్కడి గాలి పీల్చడానికి సురక్షితమని ప్రకటించారు. అంత నిశ్చయంగా చెప్పడానికి తగిన సమాచారం ఆనాడు లేదని, 2003 ఆగస్టులో ఆ సంస్థ అంతర్గత తనిఖీ అధికారి నివేదికే తేల్చింది. ధూళిలో నార 1 శాతం దాటిందా లేదా అన్నది వారు చూసిన కొలత. ఆ 1 శాతం వస్తువులను వర్గీకరించడానికి చట్టంలో పెట్టుకున్న గీత. మనిషి ఊపిరికి హద్దు కాదు. 1 శాతం లోపున్న ధూళిని కూడా పొడి చీపురుతో ఊడిస్తే గాలిలోకి కావలసినంత లేస్తుంది. ఎంతోమంది తమ ఇళ్ళను తామే ఊడ్చుకున్నారు. ఆ ధూళిలో సిమెంటు, గాజునార వంటివి కూడా ఉండడం వల్ల, తరువాత వచ్చిన జబ్బులన్నిటినీ రాతినారకే అంటగట్టడం న్యాయం కాదు. అంచనా తప్పిన తీరు మాత్రం గుర్తుంచుకోదగ్గది. వారు వస్తువును కొలిచారు, దానితో మనుషులు ఏం చేస్తారో కొలవలేదు.

జపానులో 1995 జనవరి 17 నాటి కోబే భూకంపం తరువాత కూడా ఇదే కనిపించింది. కూలిన క్షణం కంటే, కూలినవాటిని యంత్రాలతో పిండి చేసిన నెలలే అపాయకరమయ్యాయి. ఆ పని కొద్దికాలమే చేసినవారిలో మీసోథీలియోమా రాగా, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బేనని ఏళ్ళ తరువాత అక్కడి అధికారులు ఒప్పుకున్న సందర్భాలున్నాయి.

బ్రిటన్‌లో కట్టడాలను పరీక్షించేవారు వాడే ఒక లెక్క ఉంది. నాలుగు అంశాలకు మార్కులు వేస్తారు. వస్తువు ఏ రకం, ఎంత దెబ్బతిన్నది, పైన పూత ఉన్నదా, నార ఏ జాతి. మొత్తం 2 నుంచి 12 వరకు వస్తుంది. 10, ఆపైన అయితే ఎక్కువ అపాయం. 4, ఆ లోపు అయితే అత్యల్పం. దీనిని మా పిన్ని ఇంటికి వేసి చూశాను. సిమెంటు రేకు కనుక 1, తెల్లనార కనుక 1, పూత లేని సిమెంటు ఉపరితలానికి 1, దెబ్బ ఏమీ లేదు కనుక 0. మొత్తం 3. తుఫాను మరునాడు దెబ్బకు 3 మార్కులు కలిపితే 6. అప్పటికీ ఆ పట్టికలో అది 'తక్కువ' కిందనే వస్తుంది!

ఈ 6 నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అంటే భయపడనక్కరలేదనా? కాదు. ఆ పట్టిక వస్తువు పడి ఉన్న స్థితిని మాత్రమే చెబుతుంది. దానిని ఎవరు కదుపుతారు, ఎలా కదుపుతారు, ఎన్నిసార్లు, ఎంతమంది మధ్య అన్నది వేరే లెక్క. దానికి వేరే మార్కులున్నాయి. గాలివాన మా రేకును 3 నుంచి 6కు తెచ్చింది. మిగిలినదంతా మేము చేసిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. విమానాశ్రయపు కప్పే ఊడిపోయిన గాలికి మా పిన్ని ఇంటి కొక్కేల బోల్టులు ఏపాటివి? పదకొండు రేకులు పోయాయి. నేను వెళ్ళేసరికి కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలు లేవు. ఉన్నంతలో ఇల్లు చక్కబెట్టాలన్న ఆత్రం. మిగిలిన రేకులను ఖాళీలకు సరిపోయేలా రంపంతో కోశాను. ముక్కలను సుత్తితో కొట్టి చిన్నవి చేశాను. నేల మీది పొడిని ఊడ్చాను. నీళ్ళు తాగడానికే లేనప్పుడు తడిపి ఊడ్చాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? మా తమ్ముడి కొడుకుకు అప్పుడు ఎనిమిదేళ్ళు. "పెదనాన్నా, నేనూ ఊడుస్తా" అని వెంటపడితే వాడి చేతికి రెండో చీపురు ఇచ్చింది నేనే. మధ్యాహ్నం వాడు ఒక రేకుముక్కతో గచ్చు మీద గడులు గీసి, మరో ముక్కను బిళ్ళగా చేసుకుని తొక్కుడుబిళ్ళ ఆడాడు. నా చిన్నప్పుడు నేనూ అలాగే ఆడాను. సుద్దకంటే బాగా గీస్తుంది.

ఒక్కనాటి పనికి జబ్బు రావడం అరుదు. ఆ సంగతి చదివి తెలుసుకున్నాను, నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను కూడా. అయితే 2014కు 30 కలిపితే 2044. వాడికి అప్పుడు 38 ఏళ్ళుంటాయి. ఈ కూడిక నేను చాలాసార్లు చేశాను.

అందుకే ఈసారి మేస్త్రీని ఆగమన్నాను. నేర్చుకున్న విద్య చాలా చిన్నది. బూడిదరంగు ముడతల సిమెంటు రేకు ఏది కనిపించినా, కాదని పరీక్షలో తేలేదాకా రాతినారే అనుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. ముందు చూడాలి, తరువాత ముట్టాలి. ముట్టేముందు తడపాలి, తడిపి ఉంచాలి. రంపం వద్దు, సుత్తి వద్దు, పొడి చీపురు అసలే వద్దు. రేకును పగలగొట్టకుండా బోల్టు విప్పి నిండుగా దించాలి. మూతికి తువ్వాలు చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్కు కావాలి. ముక్కలను దళసరి ప్లాస్టిక్‌లో రెండు చుట్లు చుట్టి, పైన ఏముందో రాయాలి. పునాదిలో పోయకూడదు. పోస్తే ఇరవై ఏళ్ళ తరువాత పలుగు వేసేవాడికి అది మనమిచ్చే ఆస్తి అవుతుంది.

మేస్త్రీ మొదట నవ్వాడు. తానే ఇరవై ఏళ్ళుగా కోస్తున్నానన్నాడు. ఎక్కడెక్కడ, ఎన్ని అని అడిగాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, తన కూలీలను పిలిచి గొట్టంతో నీళ్ళు కొట్టమన్నాడు. రేకులన్నీ విప్పి దించడానికి రెండు రోజులు ఎక్కువ పట్టింది. ఆ రెండు రోజుల కూలి నేను పెట్టుకున్నాను.

పిన్ని అరుగు మీద కూర్చుని అంతా చూసింది. "ఏరా, ఇన్నేళ్ళూ దీని కిందే కదా బతికాం" అంది. నిజమే పిన్నీ, నెత్తి మీద కదలకుండా ఉన్నంతకాలం అది మనకు అపకారం చేయలేదు అన్నాను. "మరి చేసిందెవరు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తడిమట్టిలో కూర్చుని, కుళాయి గుంటలోని పెంకులను ఒక్కొక్కటే ఏరి సంచిలో వేశాను. చీకటి పడేదాకా పట్టింది. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సాయం పడతానని వచ్చాడు. ఈసారి వాణ్ణి గేటు బయటే నిలబెట్టాను.